కికీస్ డెలివరీ సర్వీస్: ఒక్క విద్యతో ఊరికి వచ్చిన పిల్ల

‘కికీస్ డెలివరీ సర్వీస్’ జపాన్ రచయిత్రి ఎయికో కదోనో రాసిన నవల. జపనీస్ భాషలో దీని పేరు ‘మజో నో తక్క్యూబిన్’. టోక్యోకు చెందిన ఫుకుయిన్‌కన్ షోతెన్ సంస్థ 1985లో దీన్ని పుస్తకంగా ప్రచురించింది. కికీ అనే పదమూడేళ్ల మంత్రగత్తె పిల్ల పుట్టింటిని విడిచి, ముక్కూమొహం తెలియని ఊళ్లో ఒక ఏడాది పాటు సొంత కష్టంతో బతకడం ఇందులోని కథ. హయావో మియాజాకి 1989లో దీన్ని యానిమేషన్ చిత్రంగా తీశాక కికీ పేరు జపాన్ దాటి ప్రపంచమంతటా వినిపించింది. భారతదేశంలో కూడా ఎక్కువమందికి సినిమా తెలిసినంతగా నవల తెలియదు. ఈ రెండింటి కథ చాలా దూరం కలిసి నడిచినా, ముఖ్యమైన చోట్ల వేరుపడుతుంది.

కౌమారంలో ఉన్న పాత్ర ఇల్లు దాటి, దెబ్బలు తిని, పెద్దదై తేలే కథలకు ఐరోపాలో పాత వంశవృక్షమే ఉంది. గోథే 1795–96లో వెలువరించిన ‘విల్‌హెల్మ్ మైస్టర్ శిక్షణ సంవత్సరాలు’ ఆ కోవలో మొదటి గొప్ప నవలగా పేరు పొందింది. ఇరవయ్యో శతాబ్దంలో ఈ కథనానికి మాయ తోడైంది. అలాంటి నవలల్లో చాలావరకు మాయే పెద్ద సంగతి. అందులో ఒక దుష్టశక్తి ఉంటుంది, దాన్ని ఓడించడానికే పుట్టిన పిల్లవాడు ఉంటాడు, లోకం మునిగిపోయే ప్రమాదం ఉంటుంది. కదోనో నవలలో ఇవేవీ లేవు. శత్రువు లేడు, యుద్ధం లేదు, జోస్యం లేదు. కికీకి వచ్చిన మాయ ఒక్కటే, చీపురు మీద ఎగరడం. మాయను ఇంత తగ్గించడంలోనే ఈ నవల బలమంతా ఉంది. ఎగరడం కికీని ఊరిదాకా తీసుకువెళ్తుంది. ఊరివాళ్ల మనసులోకి వెళ్లే దారి మాత్రం ఆమె నడిచి వెతుక్కోవలసిందే.

రచయిత్రి

ఎయికో కదోనో 1935 జనవరి 1న టోక్యోలో పుట్టారు. ఐదేళ్ల వయసులో తల్లి చనిపోయింది. చీకటి పడితే భయపడే, ఏడ్చే ఆ పిల్లను తండ్రి కథలు చెప్పి ఊరడించేవాడు. యుద్ధకాలంలో నగరాల్లోని పిల్లలను పల్లెలకు తరలించినప్పుడు ఆమె కూడా ఇల్లు వదిలి వెళ్లవలసి వచ్చింది. యుద్ధం ముగిసేనాటికి ఆమెకు పదేళ్లు. తరువాత వసేదా విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు, అమెరికన్ సాహిత్యం చదివారు.

ఇరవై అయిదేళ్ల వయసులో భర్తతో కలిసి ఓడలో బ్రెజిల్ వెళ్లి, సావ్ పావ్లో నగరంలో రెండేళ్లు గడిపారు. భాష రాదు, తెలిసినవాళ్లు లేరు. అక్కడ లూయిజిన్యో అనే పొరుగింటి కుర్రవాడు ఆమెకు పోర్చుగీసు నేర్పాడు. జపాన్ తిరిగి వచ్చాక, వసేదాలో తనకు పాఠాలు చెప్పిన ఆచార్యుడు ప్రోత్సహించడంతో ఆ కుర్రవాడి గురించి రాసిన పుస్తకమే ఆమె మొదటి రచన. అది 1970లో అచ్చయింది. అప్పటికి ఆమెకు ముప్పై అయిదేళ్లు. కికీ కొత్త ఊళ్లో దిగిన తొలి రోజుల బెరుకును, ఒక్కరు పలకరిస్తే చాలనుకునే ఆరాటాన్ని ఇంత నమ్మకంగా రాయగలగడానికి బ్రెజిల్ రోజులు తోడ్పడ్డాయనడంలో సందేహం అక్కరలేదు.

నవల పుట్టుక

కదోనో కూతురు పన్నెండేళ్ల వయసులో ఒక బొమ్మ వేసింది. అందులో ఒక మంత్రగత్తె చీపురు మీద ఎగురుతోంది. చీపురు కొసకు రేడియో వేలాడుతోంది, దాని చుట్టూ సంగీత స్వరాల గుర్తులు తేలుతున్నాయి. రేడియో వింటూ ఎగిరే మంత్రగత్తె అన్న ఊహ తల్లికి నచ్చింది. తన కూతురి వయసు పిల్లనే నాయిక చేయాలనుకున్నారు. చదువుకునే రోజుల్లో ‘లైఫ్’ పత్రికలో చూసిన ఒక ఫొటో కూడా ఆమె మనసులో ఉండిపోయింది. అది న్యూయార్క్ నగరాన్ని ఆకాశం నుంచి తీసిన ఫొటో. పక్షి కంటితో ఊరిని చూడడమనే సరదా నవల పొడుగునా కనిపిస్తుంది. ఇళ్ల కప్పులు, వీధుల మలుపులు, దూరాన మెరిసే సముద్రం అన్నీ పైనుంచే మొదట కనబడతాయి.

కథ మొదట ‘హహ నో తొమొ’ అనే మాసపత్రికలో 1982–83 ప్రాంతంలో ధారావాహికగా వచ్చింది. విడివిడి అధ్యాయాలు ఒక్కొక్కటీ ఒక పూర్తి కథలా ఉండడానికి కారణం అదే. పుస్తకానికి బొమ్మలు వేసినవారు అకికో హయాషి. పేరులోని ‘తక్క్యూబిన్’ అనేది ఇంటికి సరుకు చేర్చే సేవకు యామతో రవాణా సంస్థ పెట్టుకున్న వ్యాపార నామం. ఆ సేవ 1976లో మొదలై, పదేళ్లు తిరగకుండానే జపాన్ ఇళ్లలో రోజువారీ మాటైపోయింది. పిల్లను నోట కరుచుకున్న నల్ల తల్లిపిల్లి ఆ సంస్థ గుర్తు. కికీ వెంట ఉండేదీ నల్లపిల్లే. ఇది కావాలని కుదిర్చింది కాకపోయినా, సినిమా తీసేనాటికి ఆ సంస్థే ఖర్చులో పాలుపంచుకుంది.

చీపురు మీద ఎగిరే మంత్రగత్తె జపాన్ జానపదంలోది కాదు. పడమటి దేశాల కథల నుంచి వచ్చిన రూపం అది. 1966లో టీవీలో మొదలైన ‘సాలీ అనే మంత్రగత్తె’ కార్టూన్ తరువాత మాయలు తెలిసిన చిన్నపిల్ల పాత్ర జపాన్‌లో ఒక ప్రత్యేక శాఖగా ఎదిగింది. అద్దమో, కర్రో పట్టుకుని క్షణంలో రూపం మార్చుకోవడం ఆ శాఖలో మామూలు. కికీకి అద్దమూ లేదు, కర్రా లేదు. నలుపు తప్ప మరో రంగు బట్ట కట్టే స్వేచ్ఛ కూడా లేదు. ఈ విషయంలో తల్లితో ఆమె చేసే వాదన, పెళ్లికో ప్రయాణానికో బట్టలు కొనేటప్పుడు ఏ ఇంట్లోనైనా వినబడేదే.

కథ

కికీ తల్లి కొకిరి మంత్రగత్తె. తండ్రి ఒకినో మామూలు మనిషి, మంత్రగత్తెల గురించిన జానపద గాథలను పరిశోధించే పండితుడు. ఇలాంటి ఇంట పుట్టిన ఆడపిల్ల మంత్రగత్తె కావాలా వద్దా అన్నది పదేళ్ల వయసులో తానే తేల్చుకుంటుంది. సరేనంటే తల్లి దగ్గర విద్య నేర్చుకుని, పదమూడో ఏట ఒక పున్నమి రాత్రి ఇల్లు విడవాలి. మంత్రగత్తె లేని ఊరిని వెతుక్కుని, అక్కడ ఏడాదిపాటు సొంతంగా బతకాలి. పుట్టినప్పటి నుంచి జంటగా పెరిగిన నల్లపిల్లి మాత్రం వెంట వస్తుంది. కికీ పిల్లి పేరు జీజీ. ఇద్దరూ మాట్లాడుకునే మాటలు వేరెవరికీ అర్థం కావు.

కికీకి ధ్యాస నిలవదు. ఎగురుతూ ఎగురుతూ ఏదో ఆలోచనలో పడి కిందికి దిగిపోతుంది. అందుకని తల్లి ఊళ్లోని ఎత్తయిన చెట్ల కొసలకు గంటలు కట్టింది. కాలు తగిలి గంట మోగితే మళ్లీ పైకి లేస్తుంది. ఆ ఊరివాళ్లకు గంట చప్పుడే కికీ వెళ్తోందన్న కబురు. నవలలో తల్లి ప్రేమను చెప్పడానికి ఇంతకన్న పెద్ద వాక్యాలు కనబడవు.

పున్నమి రాత్రి తల్లి ఇచ్చిన పాత చీపురు, తండ్రి ఇచ్చిన ఎర్ర రేడియో పట్టుకుని కికీ దక్షిణానికి సాగుతుంది. సముద్రం చూడాలన్నది ఆమె కోరిక. తీరాన గడియార స్తంభంతో నిలిచిన కొరికో నగరం ఆమెకు నచ్చుతుంది. నగరానికి మాత్రం ఆమె వెంటనే నచ్చదు. మంత్రగత్తె వచ్చిందంటే జనం అనుమానంగా చూస్తారు, ఎవరి పనిమీద వాళ్లు పోతారు. నిండు గర్భిణి అయిన బేకరీ యజమానురాలు ఒసొనో ఒక్కతే ఆమెను ఆదరిస్తుంది. అప్పుడే బిడ్డ పాలపీకను కొట్లో మరిచిపోయిన ఒక తల్లికి కికీ దాన్ని ఎగిరివెళ్లి అందిస్తుంది. చేతికందిన ఈ చిన్న సాయం నుంచే సరుకులు చేరవేసే పని పుడుతుంది. బేకరీ పక్కన పిండి నిలవచేసే గది ఆమెకు ఇల్లూ కొట్టూ అవుతుంది.

అక్కడి నుంచి నవల ఒక్కో పనిగా నడుస్తుంది. పక్షిపంజరంలో పెట్టి పంపిన బొమ్మపిల్లి దారిలో జారిపోతే, అది దొరికేదాకా జీజీయే పంజరంలో బొమ్మలా కదలకుండా కూర్చోవలసి వస్తుంది. అడవిలో ఉండే చిత్రకారిణి జీజీ నలుపు చూసి ముచ్చటపడి బొమ్మ వేస్తుంది. పెద్ద పటాన్ని చీపురు మీద మోయడం కష్టమని దానికి బెలూన్లు కట్టి ఆకాశంలో నడిపిస్తారు. అదే ఊరందరికీ కికీ పని గురించిన ప్రకటన అవుతుంది. లోకంలో దేనికైనా పొట్టకు వెచ్చని ఊలు పట్టీ ఉండాలని నమ్మే ముసలమ్మ అల్లిన పట్టీలు, ఓడలో గలగలమని కొట్టుకునే సీసాలకు అక్కరకొస్తాయి. కొత్త సంవత్సరం ముందు రాత్రి గడియారం చెడిపోతే నగరాధిపతి అంతటివాడు కికీని పిలిపిస్తాడు. సంగీత బృందం వాయిద్యాలు రైల్లోనే ఉండిపోతే వాటిని తేవలసినదీ ఆమే.

ఈ పనుల్లో రెండు ప్రత్యేకంగా చెప్పుకోదగినవి. మొదటిది తొంబోతో పరిచయం. ఎగరడం మీద పిచ్చి ఉన్న ఈ కళ్లద్దాల కుర్రవాడు, రహస్యం తెలుసుకోవాలని సముద్రపు ఒడ్డున కికీ చీపురును ఎత్తుకుపోయి విరగ్గొడతాడు. తల్లి ఇచ్చిన చీపురు పోయిన బాధను దిగమింగి కికీ కొత్తది కట్టుకుంటుంది. అది మాట వినదు, గాలిలో వంకరటింకరగా పోతుంది. ఇలా తడబడుతూ ఎగిరే పిల్లను చూసినప్పుడే ఊరివాళ్లకు మొదటిసారి ఆమె మీద జాలీ ఆప్యాయతా పుడతాయి. నేర్పు సాధించలేని దగ్గరితనాన్ని తడబాటు సాధించింది. కౌమారం గురించి రాసిన పుస్తకాల్లో ఇంత నిజమైన పరిశీలన అరుదు.

రెండోది ప్రేమకవిత. కికీ ఈడుదే అయిన ఒక సొగసైన పిల్ల, ఒక అబ్బాయికి పుట్టినరోజు కానుకగా కలాన్నీ, తాను రాసిన కవితనూ రహస్యంగా పంపుతుంది. కికీ ఆత్రం ఆపుకోలేక కవర్ విప్పి చదువుతుంది, కాగితం చేజారి పోతుంది. గుర్తున్నంతవరకు ఆకు మీద తిరిగి రాసి ఇవ్వవలసి వస్తుంది. సరుకు మోసేవాళ్లు దాటకూడని గీత దాటడం, దాన్ని సరిదిద్దుకోవడం, ఇంకొకరి మనసులో ఉన్నది తన మనసులోనూ కదులుతోందని కనిపెట్టడం ఈ ఒక్క అధ్యాయంలోనే జరుగుతాయి. ఇందులో మాయ అవసరం దాదాపు లేదు.

ఏడాది నిండాక కికీ ఇంటికి వెళ్తుంది. తాను నిజంగా ఏమైనా సాధించానా అన్న సందేహం మోసుకునే వెళ్తుంది. అమ్మానాన్నల దగ్గర హాయిగానే ఉన్నా, కొరికో వీధులూ అక్కడి పనీ గుర్తుకొచ్చి కాలు నిలవదు. ‘తిరిగి వెళ్లాలి’ అని తాను అనుకుంటున్నది ఏ ఊరికన్నది గమనించినప్పుడు ఆమెకు జవాబు దొరుకుతుంది. నవల అక్కడితో ఆగుతుంది. పట్టాభిషేకం లేదు, బిరుదు లేదు.

మాయ ఎంత?

నవలా ప్రపంచంలో మంత్రవిద్య క్షీణిస్తున్న విద్య. పూర్వం మంత్రగత్తెలకు ఎన్నో తెలిసేవి, తరం తరానికీ ఒక్కొక్కటే కనుమరుగైంది. కొకిరికి మిగిలినవి రెండే, ఎగరడం, తుమ్ములు తగ్గించే మందు చేయడం. మూలికలు పెంచి మందు చేసేంత ఓపిక కికీకి లేదు, కనుక ఆమెకు మిగిలింది ఒక్కటే. విద్య ఇలా తరిగిపోవడానికి కారణం ఏమిటన్నది పెద్దలు వాదించుకుంటారు. లోకంలో నిజమైన చీకటీ నిశ్శబ్దమూ లేకుండా పోయినందువల్లనని ఒకరంటే, మరొకరు మరొకటి అంటారు. రచయిత్రి తీర్పు చెప్పదు. చేతివృత్తులు ఒక్కొక్కటే అంతరించిన సమాజాల్లో పెరిగినవారికి ఈ సంభాషణ కేవలం కల్పనలా అనిపించదు.

ఉన్న ఒక్క విద్యా బతుకుతెరువుకు సరిపోయేంతే. ఎగరగలగడం వల్ల కికీకి ఒంటరితనం పోదు, జలుబు తగ్గదు, అద్దె కుదరదు. ఆమె కష్టాలన్నీ మామూలు కష్టాలు. అవి ఈడు పిల్లలతో పోల్చుకుని కుంగిపోవడం, చేసిన తప్పు దాచాలా చెప్పాలా అనే తర్జనభర్జన, తానెవరికైనా కావలసినదాన్నేనా అన్న గుబులు. ఇవి మాయలేని పాఠకులకు కూడా అచ్చంగా అన్వయిస్తాయి.

పని, ప్రతిఫలం

కొకిరి తన ఊళ్లో మందుకు డబ్బు తీసుకోదు. ఊరివాళ్లు తమకున్నదాంట్లో కొంచెం పంచుతారు. ‘నువ్వు నాకు, నేను నీకు’ అనే ఈ పద్ధతిని కికీ కూడా కొనసాగిస్తుంది. ఒకరు రొట్టె ఇస్తారు, ఒకరు అల్లిన పట్టీ ఇస్తారు, ఏమీ లేనివాళ్లు మాట సాయం చేస్తారు. తెలుగు పల్లెల్లో కల్లంలో పంచే మేరలు గుర్తున్న పాఠకులకు ఈ లెక్క సులువుగా అర్థమవుతుంది. డబ్బు చేతులు మారితే సంబంధం అక్కడితో ముగుస్తుంది, పంచుకున్నది మాత్రం మరో రాకపోకకు దారి తీస్తుంది. కికీ ఊరిలో వేళ్లూనింది ఇలాగే.

నవల వచ్చిన 1985లోనే జపాన్ పార్లమెంటు ఉద్యోగాల్లో స్త్రీ పురుషులకు సమాన అవకాశాల చట్టాన్ని ఆమోదించింది. అది మరుసటి ఏడు ఏప్రిల్‌లో అమలులోకి వచ్చింది. ఒంటరిగా నగరానికి వచ్చి, గది వెతుక్కుని, సొంత పని మొదలుపెట్టే ఆడపిల్ల కథ అప్పటి పాఠకులకు ఎందుకంత దగ్గరగా తోచిందో ఈ నేపథ్యం కొంత చెబుతుంది. కథలో ఎవరూ కికీని నువ్వు ఆడపిల్లవని ఆపరు. ఒసొనో నిండు నెలలతోనే బేరం చూసుకుంటుంది. రచయిత్రి దీని గురించి ఉపన్యసించకపోవడం మేలైంది.

సినిమా

స్టూడియో జీబ్లీ చిత్రం 1989 జూలై 29న విడుదలై, ఆ ఏడాది జపాన్‌లో అత్యధిక వసూళ్లు సాధించిన స్వదేశీ చిత్రమైంది. సంగీతం జో హిసాయిషి. కొరికోను చిత్రించడానికి స్వీడన్‌లోని విస్బీ, స్టాక్‌హోమ్ నగరాలను నమూనాగా తీసుకున్నారు. విడి కథలను కలిపి ఒక పతాక సన్నివేశానికి నడిపించడానికి మియాజాకి రెండు పెద్ద మార్పులు చేశారు. మధ్యలో కికీ ఎగిరే శక్తిని పోగొట్టుకుంటుంది, జీజీ మాటలు ఆమెకు అర్థం కాకుండా పోతాయి. చివర గాలి ఓడ ప్రమాదంలో వేలాడుతున్న తొంబోను కాపాడుతుంది. ఈ రెండూ నవలలో లేవు. మార్పుల పట్ల కదోనో మొదట్లో అసంతృప్తి చెందారు, దర్శక నిర్మాతలు ఆమెను కలిసి మాట్లాడవలసి వచ్చింది.

సినిమా గొప్పదే. చేసే పని మీద హఠాత్తుగా విశ్వాసం పోయే దశను అది చూపినంత బాగా తక్కువ చిత్రాలు చూపాయి. కానీ ప్రమాదం నుంచి ఒక ప్రాణం కాపాడితే తప్ప ఊరు ఆమెను గుండెకు హత్తుకోదన్నట్టు కథ మారిపోయింది. నవలలో ఊరి మనసు గెలవడానికి పాలపీక, ఊలు పట్టీ, ఆకు మీది కవిత చాలు. ఈ విషయంలో నవలే ధైర్యమైనది.

తరువాతి సంపుటాలు, ఆదరణ

ఎదగడం ఒక ఏడాదితో ముగియదని కదోనో తరువాత ఐదు సంపుటాలు రాశారు. రెండోది 1993లో, మూడోది 2000లో, నాలుగోది 2004లో, ఐదోది 2007లో, ఆరోది 2009లో వచ్చాయి. రెండో సంపుటంలో కికీ తాను వద్దనుకున్న మందు విద్యను నేర్చుకుంటుంది. మూడో సంపుటంలో కేకే అనే మరో పిల్ల వచ్చి ఆమెలో అసూయ రేపుతుంది. క్రమంగా తొంబోతో ప్రేమ, పెళ్లి జరుగుతాయి. ఆరో సంపుటానికి వారి కవలలు నీనీ, తోతో పదమూడో ఏటికి చేరువవుతారు. మొదటి పుస్తకంలో కొకిరి నిలబడిన చోట ఇప్పుడు కికీ నిలబడి పిల్లలను సాగనంపవలసి వస్తుంది. పాతికేళ్ల పాటు ఒక పాత్రను వయసుతో పాటు నడిపించడం యువ సాహిత్యంలో తరచూ జరిగేది కాదు.

మొదటి సంపుటం నోమా బాలసాహిత్య బహుమతి పొందింది. బాలల పుస్తకాల అంతర్జాతీయ సంస్థ 1986 గౌరవ జాబితాలో చోటు దక్కించుకుంది. 1993లో యుకియో నినగవ దర్శకత్వంలో సంగీత నాటకంగా, 2014లో తకాషి షిమిజు దర్శకత్వంలో నటులతో తీసిన చిత్రంగా కూడా వచ్చింది. ఇంగ్లీషులోకి రెండుసార్లు అనువాదమైంది. 2003లో లిన్ రిగ్స్, 2020లో ఎమిలీ బలిస్ట్రియెరి ఆ పని చేశారు. 2018లో కదోనోకు హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ పురస్కారం లభించింది. బాలసాహిత్యంలో అంతర్జాతీయంగా అత్యున్నతమైన ఈ గౌరవం రచయితల విభాగంలో పొందిన జపాన్‌వారిలో మిచియో మదో, నహోకో ఉయెహాషిల తరువాత ఆమె మూడోవారు. టోక్యోలోని ఎదొగవ ప్రాంతంలో, ఆమె బాల్యం గడిచిన చోట, వాస్తుశిల్పి కెంగో కుమా రూపకల్పన చేసిన సాహిత్య భవనం 2023 నవంబరులో తెరుచుకుంది.

సినిమా చూసి కికీ కథంతా తెలుసనుకునేవారికి నవల సగానికి పైగా కొత్తగానే ఉంటుంది. పదకొండు, పన్నెండేళ్ల నుంచి ఎవరైనా చదవవచ్చు. పిల్లలను చదువుకో ఉద్యోగానికో దూరపు ఊరికి పంపబోతున్న తల్లిదండ్రులు కూడా చదవదగిన పుస్తకం ఇది.